ర్యామ్ మీద రాసిన స్పీడ్ మీ పీసీలో వస్తుందా? డబ్బులు కట్టే ముందే చెక్ చేసుకోండి

కొత్తగా డెస్క్‌టాప్ అసెంబుల్ చేసుకుందాం అనుకునేవాళ్లు ప్రాసెసర్ గురించి పది వీడియోలు చూస్తారు, గ్రాఫిక్స్ కార్డ్ గురించి ఇరవై చూస్తారు. ర్యామ్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం "16 జీబీ వేసేయండి" అనేసి వదిలేస్తారు. తీరా పీసీ రెడీ అయ్యాక టాస్క్ మేనేజర్ ఓపెన్ చేస్తే, 3600 అని కొన్న ర్యామ్ 2666 దగ్గర నడుస్తూ కనిపిస్తుంది. ర్యామ్ పాడైపోలేదు, షాప్ వాళ్లు మోసం చేశారని కూడా అనలేం. మిగతా పార్ట్‌లతో ఆ ర్యామ్ స్పీడ్ కలుస్తుందా లేదా అని ఎవరూ చూడలేదు, అంతే.

మాది అరకు దగ్గర ఊరు. బీటెక్ అయ్యాక వైజాగ్‌లో సాఫ్ట్‌వేర్ జాబ్ చేస్తున్నాను. సిటీలో ఉన్నవాళ్లకి తప్పు ర్యామ్ కొనడం పెద్ద విషయం కాదు, సాయంత్రం బండి వేసుకుని వెళ్లి మార్చుకుంటారు. అరకు నుంచి వైజాగ్ సుమారు 115 కిలోమీటర్లు. అనంతగిరి ఘాట్ దిగి, ఎస్.కోట మీదుగా వెళ్లి, ఒక్క ర్యామ్ స్టిక్ మార్చుకుని తిరిగి రావడానికే ఒక రోజు పోతుంది. ఆన్‌లైన్‌లో కొందామంటే కొన్ని పిన్‌కోడ్‌లకి డెలివరీ ఉంటుంది కానీ రిటర్న్ పికప్ ఉండదు. అందుకే మా వైపు "కొన్నాక చూద్దాంలే" అనే మాట కుదరదు. కాగితం మీదే అన్నీ తేల్చుకుని బస్సెక్కాలి.

ఈమధ్య మా చిన్నాన్న కొడుకు కోసం ఒక బిల్డ్ ప్లాన్ చేశాం. వాడు అరకులో డిగ్రీ చదువుతున్నాడు. కోడింగ్ నేర్చుకోవాలి, కొంచెం వీడియో ఎడిటింగ్ చేయాలి. ఇంట్లో ఏడాదికి ఒకసారి వచ్చే కాఫీ, మిరియాల డబ్బుల్లోంచి చిన్నాన్న పక్కన పెట్టిన మొత్తమే బడ్జెట్. రెండోసారి కొనే సీన్ లేదు. వాడి లిస్ట్‌నే ఉదాహరణగా పెట్టుకుని, ర్యామ్ స్పీడ్ ఎలా చెక్ చేయాలో ఒక్కో స్టెప్ చూద్దాం. ర్యామ్ ధరలు చాలా త్వరగా మారుతుంటాయి కాబట్టి ఇక్కడ రేట్లు రాయట్లేదు.

స్టెప్ 1: ముందు రకం చూడండి, తర్వాతే స్పీడ్

స్పీడ్ కలవకపోతే పీసీ కొంచెం స్లో అవుతుంది. రకం కలవకపోతే అసలు ర్యామ్ స్లాట్‌లోకే వెళ్లదు. కాబట్టి మొదటి ప్రశ్న ఇదే: మదర్‌బోర్డ్ డీడీఆర్4దా, డీడీఆర్5దా?

డీడీఆర్4 స్టాండర్డ్ 2012లో వచ్చింది, డీడీఆర్5 2020లో వచ్చింది. డెస్క్‌టాప్ స్టిక్స్ రెండింటికీ 288 పిన్‌లే ఉంటాయి. అందుకే ఫొటోలో చూస్తే ఒకేలా కనిపిస్తాయి. కానీ మధ్యలో ఉండే గాడి వేర్వేరు చోట్ల ఉంటుంది, వోల్టేజ్ కూడా వేరు. డీడీఆర్4కి 1.2 వోల్ట్‌లు, డీడీఆర్5కి 1.1 వోల్ట్‌లు స్టాండర్డ్. ఒకదాని స్లాట్‌లో ఇంకొకటి పట్టదు. బలవంతంగా నొక్కితే స్లాట్ విరిగిపోతుంది.

ఏఎండీలో ఇది ఈజీ. ఏఎం4 సాకెట్ అయితే డీడీఆర్4, ఏఎం5 సాకెట్ అయితే డీడీఆర్5. అసలు తికమక ఇంటెల్ 12, 13, 14వ జనరేషన్లలో ఉంది. ఆ ప్రాసెసర్లు రెండు రకాలనీ సపోర్ట్ చేస్తాయి కానీ ఒక బోర్డ్ మీద సాధారణంగా ఒక రకం స్లాట్లే ఉంటాయి. ఒకే పేరుతో డీడీఆర్4 బోర్డ్ ఒకటి, డీడీఆర్5 బోర్డ్ ఇంకొకటి అమ్ముతారు. చాలా కంపెనీలు డీడీఆర్4 బోర్డ్ పేరు చివర "డీ4" అని పెడతాయి. ఎస్టిమేట్‌లో "హెచ్610 బోర్డ్" అని మాత్రమే రాసి ఇస్తే సరిపోదు. పూర్తి మోడల్ పేరు రాయించుకోండి.

ఇంకో చిన్న విషయం. ల్యాప్‌టాప్ ర్యామ్ పొట్టిగా ఉంటుంది, దాన్ని సోడిమ్ అంటారు. డెస్క్‌టాప్‌కి కావాల్సింది పొడుగు స్టిక్, అంటే యూడిమ్. ఆన్‌లైన్‌లో తక్కువ రేటుకి కనిపించే సర్వర్ ర్యామ్ జోలికి కూడా వెళ్లొద్దు. రిజిస్టర్డ్ అని రాసి ఉంటే అది మామూలు డెస్క్‌టాప్ బోర్డ్‌లలో పనిచేయదు.

స్టెప్ 2: ప్యాకెట్ మీద నంబర్ అర్థం చేసుకోండి

డీడీఆర్4-3200 అని ఉందనుకోండి. చాలామంది దీన్ని 3200 మెగాహెర్ట్జ్ అంటారు. నిజానికి అది సెకనుకి 3200 మెగా ట్రాన్స్‌ఫర్లు. డీడీఆర్ అంటేనే డబుల్ డేటా రేట్. క్లాక్ ఒక్కసారి కొట్టుకుంటే, పైకి లేచేటప్పుడు ఒకసారి, కిందికి దిగేటప్పుడు ఒకసారి డేటా వెళ్తుంది. కాబట్టి 3200 ర్యామ్ అసలు క్లాక్ 1600 మెగాహెర్ట్జ్ మాత్రమే.

ఇది ఎందుకు తెలియాలంటే, సీపీయూ-జెడ్ అనే ఫ్రీ టూల్‌లో మెమరీ ట్యాబ్ ఓపెన్ చేస్తే 1600 దగ్గర్లో నంబర్ కనిపిస్తుంది. "అన్నా, సగం స్పీడే వస్తోంది, మోసపోయామా?" అని మా తమ్ముడు కూడా అడిగాడు. లేదు, దాన్ని రెండుతో గుణించాలి. విండోస్ టాస్క్ మేనేజర్ మాత్రం నేరుగా 3200 అనే చూపిస్తుంది.

కొన్ని స్టిక్స్ మీద పీసీ4-25600 లాంటి నంబర్ ఉంటుంది. అదీ ఇదే లెక్క. ఒక్కో ట్రాన్స్‌ఫర్‌కి 8 బైట్లు, 3200 ఇంటూ 8 అంటే 25,600, అంటే సెకనుకి 25.6 జీబీ. పీసీ4-21300 అని ఉంటే అది 2666 ర్యామ్. పీసీ5-38400 అంటే డీడీఆర్5-4800.

స్టెప్ 3: మూడు చోట్ల మూడు లిమిట్లు

ఇదే అసలు పాయింట్. ర్యామ్ స్పీడ్‌ని డిసైడ్ చేసేది ర్యామ్ ఒక్కటే కాదు. ప్రాసెసర్ లోపల ఉండే మెమరీ కంట్రోలర్‌కి ఒక లిమిట్, మదర్‌బోర్డ్‌కి ఒక లిమిట్, ర్యామ్ స్టిక్‌కి ఒక లిమిట్ ఉంటాయి. మూడింట్లో ఏది తక్కువైతే మీకు వచ్చేది అదే. మన కొత్తవలస-కిరండూల్ లైన్ మీద ఎంత పవర్ ఉన్న ఇంజిన్ తగిలించినా, ఘాట్‌లో ఆ లైన్‌కి పెట్టిన స్పీడ్ దాటదు కదా. ఇదీ అంతే.

ముందు ప్రాసెసర్ సంగతి. ఇంటెల్, ఏఎండీ రెండూ తమ వెబ్‌సైట్‌లో ప్రతి ప్రాసెసర్ స్పెసిఫికేషన్ పేజీలో మెమరీ స్పీడ్ రాస్తాయి. మనవాళ్లు ఎక్కువగా కొనే కొన్ని మోడళ్లు ఇవి:

- కోర్ ఐ5-10400: డీడీఆర్4-2666
- కోర్ ఐ5-11400: డీడీఆర్4-3200
- కోర్ ఐ5-12400: డీడీఆర్4-3200 లేదా డీడీఆర్5-4800
- రైజెన్ 5 5600, 5600జీ: డీడీఆర్4-3200
- రైజెన్ 5 7600: డీడీఆర్5-5200
- రైజెన్ 5 9600ఎక్స్: డీడీఆర్5-5600

ఇవి కంపెనీ గ్యారంటీ ఇచ్చే స్పీడ్‌లు. బోర్డ్ ఒప్పుకుంటే వీటిని దాటొచ్చు. ఉదాహరణకి ఏఎం4 రైజెన్ 5000 సిరీస్‌లో చాలామంది 3600 ర్యామ్ వాడతారు. ఏఎం5లో 6000 స్పీడ్ బాగా పాపులర్. కానీ గ్యారంటీ స్పీడ్ దాటితే దాన్ని ఓవర్‌క్లాకింగ్ అనే అంటారు. ఒక పీసీలో నడిచింది ఇంకో పీసీలో నడవకపోవచ్చు.

తర్వాత బోర్డ్ సంగతి. ఇంటెల్‌లో ఇక్కడే ఎక్కువమంది దొరికిపోతారు. హెచ్410, బీ460, హెచ్510, హెచ్610 చిప్‌సెట్‌లలో మెమరీ ఓవర్‌క్లాకింగ్ లేదు. ప్రాసెసర్‌కి రాసిన స్పీడ్ దగ్గరే ఆగిపోతాయి. బీ560, బీ660, బీ760లలో ఆ సౌకర్యం ఉంది. అంటే ఐ5-10400ని హెచ్410 బోర్డ్‌లో పెట్టి 3200 ర్యామ్ వేస్తే వచ్చేది 2666. అదే ప్రాసెసర్‌ని బీ560లో పెడితే 3200 తెచ్చుకోవచ్చు. సెకండ్ హ్యాండ్‌లో 10వ జనరేషన్ సెట్‌లు కొనేవాళ్లు ఇది గుర్తుంచుకోండి. ఏఎండీలో బీ450, ఏ520, బీ550, బీ650 లాంటివన్నీ మెమరీ స్పీడ్ పెంచుకోనిస్తాయి.

స్టెప్ 4: ఎక్స్‌ఎంపీ, ఎక్స్‌పో అంటే ఏంటి?

ప్రతి స్టిక్‌లో ఒక చిన్న చిప్ ఉంటుంది. నేను ఇంత స్పీడ్‌లో, ఇంత వోల్టేజ్‌లో నడుస్తాను అని అందులో రాసి ఉంటుంది. పీసీ ఆన్ అవ్వగానే బోర్డ్ దాన్ని చదువుతుంది. డిఫాల్ట్‌గా బోర్డ్ తీసుకునేది జెడెక్ అనే స్టాండర్డ్స్ సంస్థ లెక్క ప్రకారం ఉన్న సేఫ్ స్పీడ్. ప్యాకెట్ మీద పెద్ద అక్షరాలతో ఉండే స్పీడ్ రావాలంటే బయోస్‌లోకి వెళ్లి ప్రొఫైల్ ఆన్ చేయాలి. ఇంటెల్ వైపు దాని పేరు ఎక్స్‌ఎంపీ. డీడీఆర్5 కోసం ఏఎండీ 2022లో తెచ్చినది ఎక్స్‌పో.

ఇక్కడ ఒక తిరకాసు ఉంది. 3600 అని అమ్మే చాలా కిట్లలో జెడెక్ బేస్ స్పీడ్ 2133, 2400 లేదా 2666 మాత్రమే ఉంటుంది. ఆ కిట్ తీసుకెళ్లి ఓవర్‌క్లాకింగ్ లేని బోర్డ్‌లో వేస్తే 3600 రాదు. సెట్టింగ్ మార్చకుండా వదిలేస్తే బేస్ స్పీడ్‌కి పడిపోయే ఛాన్స్ ఉంది. దానికంటే జెడెక్ ప్రకారమే 3200 ఉన్న మామూలు గ్రీన్ స్టిక్, ఏ సెట్టింగ్ లేకుండా 3200లో నడుస్తుంది. అంటే ఎక్కువ డబ్బు పెట్టి తక్కువ స్పీడ్ కొనుక్కున్నట్టే. కొనేటప్పుడు "ఇది జెడెక్ 3200నా, ఎక్స్‌ఎంపీ 3200నా?" అని అడగండి. షాప్‌లో తెలియకపోతే ర్యామ్ కంపెనీ వెబ్‌సైట్‌లో మోడల్ నంబర్ కొట్టి స్పెసిఫికేషన్ చూడండి.

స్టెప్ 5: ఎన్ని స్టిక్స్, ఏ స్లాట్లలో?

ఒక 16 జీబీ స్టిక్ కంటే రెండు 8 జీబీ స్టిక్స్ వేస్తే డ్యుయల్ ఛానల్ వస్తుంది. 3200 స్పీడ్‌లో ఒక ఛానల్‌కి సెకనుకి 25.6 జీబీ అయితే రెండు ఛానళ్లకి 51.2 జీబీ. గ్రాఫిక్స్ కార్డ్ లేకుండా, ప్రాసెసర్‌లో ఉన్న గ్రాఫిక్స్‌తోనే నడిపేవాళ్లకి ఇది చాలా ముఖ్యం. ఎందుకంటే ఆ గ్రాఫిక్స్‌కి సొంత మెమరీ ఉండదు, ఈ ర్యామ్‌నే వాడుకుంటుంది. 5600జీ లాంటి ప్రాసెసర్‌లో 2666 నుంచి 3200కి వెళ్లడం కంటే ఒక స్టిక్ నుంచి రెండు స్టిక్స్‌కి వెళ్లడంలోనే తేడా బాగా తెలుస్తుంది.

నాలుగు స్లాట్ల బోర్డ్ అయితే చాలావాటిలో ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండో స్లాట్, నాలుగో స్లాట్‌లో పెట్టాలి. మీ బోర్డ్ మాన్యువల్‌లో ఒకసారి కన్ఫర్మ్ చేసుకోండి.

నాలుగు స్లాట్లూ నింపేస్తే ఇంకా ఫాస్ట్ అవుతుందా? అవదు, స్పీడ్ తగ్గొచ్చు. స్టిక్స్ పెరిగేకొద్దీ మెమరీ కంట్రోలర్ మీద లోడ్ పెరుగుతుంది. రైజెన్ 7000 సిరీస్‌లో రెండు స్టిక్స్‌కి అధికారిక స్పీడ్ 5200 అయితే, నాలుగు స్టిక్స్‌కి 3600 మాత్రమే. 32 జీబీ కావాలంటే నాలుగు 8లు కాకుండా రెండు 16లు తీసుకోండి.

పాత స్టిక్ పక్కన కొత్తది కలిపితే? రెండూ డీడీఆర్4 అయితే చాలాసార్లు నడుస్తాయి, కానీ స్లోగా ఉన్నదాని స్పీడ్‌కే రెండూ వస్తాయి. 2400 పక్కన 3200 పెడితే రెండూ 2400. ఒక్కోసారి ఎక్స్‌ఎంపీ ఆన్ చేస్తే పీసీ బూట్ అవ్వకపోవచ్చు కూడా. ఒకే ప్యాకెట్‌లో వచ్చే రెండు స్టిక్స్ కిట్‌ని కంపెనీ కలిపి టెస్ట్ చేసి అమ్ముతుంది. అందుకే కిట్ సేఫ్.

స్టెప్ 6: సీఎల్ నంబర్ కూడా చూడండి

స్పీడ్ ఒక్కటే చూస్తే సగం కథే తెలుస్తుంది. సంతకి ఒక్కసారి ఎన్ని బుట్టలు మోసుకెళ్తామనేది బ్యాండ్‌విడ్త్ అయితే, పిలిచాక ఎంతసేపటికి బయల్దేరతామనేది లేటెన్సీ. దాన్ని సీఎల్ అని రాస్తారు. లెక్క సింపుల్: సీఎల్‌ని 2000తో గుణించి స్పీడ్‌తో భాగిస్తే నానోసెకన్లు వస్తాయి.

- డీడీఆర్4-3200 సీఎల్16: 10 నానోసెకన్లు
- డీడీఆర్4-3600 సీఎల్18: 10 నానోసెకన్లు
- డీడీఆర్4-3200 సీఎల్22: 13.75 నానోసెకన్లు
- డీడీఆర్5-4800 సీఎల్40: సుమారు 16.7 నానోసెకన్లు
- డీడీఆర్5-6000 సీఎల్30: 10 నానోసెకన్లు

చూశారు కదా, 3200 సీఎల్16కి, 3600 సీఎల్18కి వెయిటింగ్ టైమ్ ఒక్కటే. అలాగని సీఎల్ కోసం బడ్జెట్ దాటాల్సిన పనిలేదు. కోడింగ్, బ్రౌజింగ్, ఆన్‌లైన్ క్లాసుల్లో ఈ నానోసెకన్ల తేడా మీకు తెలియదు. గేమ్స్ ఆడేవాళ్లు మాత్రం కొంచెం పట్టించుకోవాలి.

మా తమ్ముడి లిస్ట్ ఎలా మారింది?

ఒక షాప్ నుంచి వాడు తెచ్చుకున్న ఎస్టిమేట్‌లో ఇలా ఉంది: కోర్ ఐ5-12400, హెచ్610 బోర్డ్, 16 జీబీ డీడీఆర్4-3600 సింగిల్ స్టిక్. గ్రాఫిక్స్ కార్డ్ లేదు. పైన చెప్పిన స్టెప్స్ వరసగా పెట్టి చూశాం.

రకం: ఎస్టిమేట్‌లో బోర్డ్ పూర్తి పేరు లేదు. ఫోన్ చేసి అడిగితే డీడీఆర్4 మోడలే అని మోడల్ నంబర్ చెప్పారు. వెబ్‌సైట్‌లో చూసి కన్ఫర్మ్ చేసుకున్నాం.

స్పీడ్: ప్రాసెసర్ 3200, బోర్డ్ 3200, ర్యామ్ 3600. అన్నింట్లో తక్కువ 3200. పైగా ఆ స్టిక్ బేస్ స్పీడ్ 2666. అంటే 3600 కోసం పెట్టే ఎక్స్‌ట్రా డబ్బు వేస్ట్.

"అన్నా, అయితే బీ660 బోర్డ్ తీసుకుందామా, 3600 వస్తుంది కదా?" అన్నాడు. రావచ్చు. కానీ బోర్డ్‌కి ఇంకొన్ని వేలు పెట్టి 3200 నుంచి 3600కి వెళ్తే వాడు చేసే పనుల్లో తేడా చాలా తక్కువ. ఆ డబ్బు యూపీఎస్‌కి పెడితే మేలు. వానాకాలంలో మా వైపు కరెంట్ ఎప్పుడు పోతుందో చెప్పలేం.

స్టిక్స్: గ్రాఫిక్స్ కార్డ్ లేదు కాబట్టి డ్యుయల్ ఛానల్ ఉండాల్సిందే. కానీ హెచ్610లో రెండే స్లాట్లు ఉంటాయి. రెండు 8లు వేస్తే స్లాట్లు నిండిపోతాయి, రేపు పెంచాలంటే పాతవి తీసి పక్కన పెట్టాలి. ఇప్పుడు ఒక 16 వేసి తర్వాత ఇంకో 16 కొనొచ్చు, కానీ అప్పటిదాకా సింగిల్ ఛానల్. వాడికి రెండోసారి కొనే డబ్బు ఎప్పుడు వస్తుందో తెలియదు. అందుకే రెండు 8 జీబీల జెడెక్ 3200 స్టిక్స్ ఫైనల్ చేశాం. మీ పరిస్థితి వేరైతే మీ ఆన్సర్ కూడా వేరుగా ఉండొచ్చు.

చివరిగా బోర్డ్ కంపెనీ వెబ్‌సైట్‌లో క్యూవీఎల్ చూశాం. ఆ బోర్డ్‌తో టెస్ట్ చేసిన ర్యామ్ మోడళ్ల లిస్ట్ అది. అందులో లేకపోతే పనిచేయదని కాదు, ఉంటే మాత్రం ధైర్యం. ఆ పీడీఎఫ్, ప్రాసెసర్ పేజీ స్క్రీన్‌షాట్ ఫోన్‌లో సేవ్ చేసుకుని బయల్దేరండి. ఘాట్‌లో సిగ్నల్ ఉండదు, షాప్‌లో హడావిడి ఉంటుంది.

షాప్ నుంచి బయటికి వచ్చే ముందు

పీసీ షాప్‌లోనే అసెంబుల్ చేయిస్తుంటే ఈ పనులు అక్కడే చేయించండి.

1. బయోస్ ఓపెన్ చేయించి మెమరీ స్పీడ్ చూడండి. ఎక్స్‌ఎంపీ లేదా ఎక్స్‌పో కిట్ అయితే ప్రొఫైల్ ఆన్ చేయించండి.
2. విండోస్‌లో టాస్క్ మేనేజర్, పెర్ఫార్మెన్స్, మెమరీలో స్పీడ్, ఎన్ని స్లాట్లు వాడారో చూసి ఫొటో తీసుకోండి. సీపీయూ-జెడ్‌లో డ్యుయల్ ఛానల్ అవునో కాదో చూడండి.
3. బయోస్ అప్‌డేట్ అవసరమైతే అక్కడే చేయించండి. మెమరీ కంపాటిబిలిటీ సమస్యలు కొన్ని అప్‌డేట్‌తో పోతాయి. కానీ అప్‌డేట్ మధ్యలో కరెంట్ పోతే బోర్డ్ చచ్చిపోయే ప్రమాదం ఉంది. యూపీఎస్ లేకుండా ఇంట్లో ఆ పని పెట్టుకోవద్దు.
4. టైమ్ ఉంటే మెమ్‌టెస్ట్86 ఒక రౌండ్ నడిపించండి. ఎర్రర్ ఒక్కటి వచ్చినా ఆ స్టిక్ మార్చమని అడగండి.

ఇంటికి వచ్చాక

ఘాట్ రోడ్డు కుదుపులకి ర్యామ్ స్లాట్‌లో కొంచెం కదిలి ఉండొచ్చు. ఆన్ చేస్తే ఫ్యాన్ తిరిగి స్క్రీన్ రాకపోతే కంగారు పడకండి. ప్లగ్ తీసేసి, కేస్ ఇనుప భాగాన్ని ఒకసారి ముట్టుకుని, స్టిక్స్ బయటికి తీసి క్లిప్ టక్‌మనే వరకు మళ్లీ నొక్కండి. అయినా రాకపోతే ఒక్క స్టిక్‌తో ట్రై చేయండి. ఎక్స్‌ఎంపీ ఆన్ చేశాకే ఇలా అయితే, మాన్యువల్ చూసి సీమాస్ క్లియర్ చేస్తే బయోస్ డిఫాల్ట్ స్పీడ్‌కి వస్తుంది.

డీడీఆర్5, ముఖ్యంగా ఏఎం5 బోర్డ్ అయితే ఇంకో మాట. మొదటిసారి ఆన్ చేసినప్పుడు బోర్డ్ ర్యామ్‌ని ట్రైన్ చేసుకుంటుంది. కొన్ని నిమిషాలు స్క్రీన్ నల్లగానే ఉండొచ్చు. పాడైంది అనుకుని మధ్యలో స్విచ్ ఆపేయకండి, కాస్త ఓపిక పట్టండి.

బస్సెక్కే ముందు కాగితం మీద ఈ ఆరు రాసుకోండి: బోర్డ్ పూర్తి పేరు, దాని ర్యామ్ రకం, ప్రాసెసర్ మెమరీ స్పీడ్, బోర్డ్ మెమరీ స్పీడ్, స్టిక్ జెడెక్ స్పీడ్, స్లాట్లు ఎన్ని. రకం కలిసిందా చూడండి, స్పీడ్‌లలో అన్నింటికంటే తక్కువ నంబర్ చుట్టూ సున్నా చుట్టండి. మీ పీసీలో వచ్చేది ఆ నంబరే. దానికి పైన ఉన్న స్పీడ్ కోసం ఎవరు ఎక్స్‌ట్రా అడిగినా, ఆ కాగితం చూపించి వద్దని చెప్పండి.